అణువు గుట్టు చదివిన భగవంతం

బెంగళూరులో పాతతరం వాళ్ళు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పిలుచుకునే భారతీయ విజ్ఞాన సంస్థకు 1957లో డైరెక్టరుగా వచ్చిన తెలుగాయన సూరి భగవంతం. ఆయన పేరు చెబితే కొందరికి ఉస్మానియా వైస్ చాన్సలర్ గుర్తొస్తారు. కొందరికి రక్షణ శాఖ సలహాదారు. ఇంకొందరికి సత్యసాయిబాబా తెలుగులో మాట్లాడుతుంటే పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పిన పెద్దమనిషి. అన్నీ నిజమే. కానీ ఈ కుర్చీలూ హోదాలూ రాకముందు ఆయన ఇరవై ఏళ్ళపాటు ఒకే పని పట్టుకుని కూచున్నారు. అణువుల్ని చదవడం ఆ పని. కంటికి కనిపించని అణువు ఎలా తిరుగుతోంది, ఎలా కంపిస్తోంది, ఏ మెట్టు మీద ఉంది అన్నది దాని మీద పడి చెదిరిన వెలుతురును బట్టి చెప్పడం.

ఈ శతాబ్దంలో అమెరికా, జర్మనీ ప్రయోగశాలల్లో ఒకే ఒక్క అణువును పట్టి, బోనులో పెట్టి, చెప్పినట్టు ఆడిస్తున్నారు. అక్కడ వాడుతున్న ఆయుధాల్లో ముఖ్యమైనది రామన్ కాంతి. ఆ కాంతితో అణువును ఎలా చదవాలో మొదటి రోజుల్లోనే నేర్చి, తర్వాతి తరాలకు పుస్తకాలుగా రాసిచ్చిన కొద్దిమందిలో భగవంతం ఒకరు. ఈ సంగతి ఆయన ఊరివాళ్ళలోనూ చాలామందికి తెలియదు.

ఆగిరిపల్లి నుంచి కలకత్తాకు

శోభనాచల నరసింహస్వామి కొలువున్న, అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909 అక్టోబరు 14న భగవంతం పుట్టారు. డిగ్రీ చదువు హైదరాబాదు నిజాం కాలేజీలో. అప్పట్లో ఆ కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. 1928లో ఫిజిక్సులో మొదటి స్థానంలో బీఎస్సీ ప్యాసయ్యారు. ఆ మార్కులతో ఆ రోజుల్లో ఏ తెలుగు కుర్రాడైనా ఏం చేస్తాడు? గుమాస్తా ఉద్యోగమో, ప్లీడరీయో, మరీ తెలివైనవాడైతే ఐసీయెస్సో. భగవంతం మాత్రం కలకత్తా రైలెక్కారు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు కూడా నిండలేదు.

కారణం సీవీ రామన్. ఆయనా తెలుగువాళ్ళకు పరాయివాడేం కాదు. తమిళుడే అయినా తండ్రి విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు కనుక బాల్యమంతా అక్కడే గడిచింది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తా బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ భవనంలో రామన్ తన పేరుమీద నిలిచిపోయిన ఫలితాన్ని కనిపెట్టారు. భగవంతం అక్కడ అడుగుపెట్టేసరికి అది ఇంకా నెలల పసిబిడ్డ. ఏ ద్రవాన్ని పరీక్షించినా, ఏ స్ఫటికాన్ని పరీక్షించినా కొత్త విషయమే. పని ఎక్కువ, చేతులు తక్కువ.

రామన్ ఫలితం గొడవ పైకి కనిపించినంత కష్టమేం కాదు. ఒకే రంగు వెలుతురును ఒక పదార్థం మీదికి పంపితే, చెదిరి పక్కకొచ్చే వెలుతురులో దాదాపు అంతా అదే రంగు. అతి కొద్దిపాటి వెలుతురు మాత్రం రంగు మారి వస్తుంది. అంటే కాంతి రేణువు అణువుకు తన శక్తిలో కొంత ఇచ్చిందన్నమాట, లేదా అణువు దగ్గర కొంత తీసుకుంది. అణువు ఇష్టమొచ్చినంత తీసుకోదు. బొంగరమైతే ఏ వేగంతోనైనా తిరుగుతుంది. అణువు అలా కాదు, మెట్లమీద నడుస్తుంది. ఈ మెట్టు మీద ఉండాలి, లేకపోతే ఆ మెట్టు మీద ఉండాలి, నడిమధ్య నిలబడటానికి లేదు. ఈ మెట్లనే క్వాంటం స్థితులంటారు. వెలుతురు రంగు ఎంత మారిందో కొలిస్తే మెట్టు ఎత్తు తెలిసిపోతుంది.

చెప్పడం తేలికే, చూడటమే ప్రాణాంతకం. ఆ రోజుల్లో లేజర్లు లేవు. పాదరసం దీపం వెలిగించి, స్పెక్ట్రోగ్రాఫ్ వెనక ఫొటో పలక పెట్టి, గంటలకొద్దీ, వాయువులైతే రోజులకొద్దీ ఎదురు చూడాలి. పలక కడిగాక సన్నని గీతలు కనబడితే పండగ. కనబడకపోతే మళ్ళీ మొదలు. భగవంతం మూడేళ్ళకు పైగా ఈ చాకిరీ చేశారు. వజ్రంలో రామన్ ఫలితాన్ని 1930లోనే అధ్యయనం చేసిన తొలి కొద్దిమందిలో ఆయనా ఉన్నారు. వజ్రం ఒకే ఒక బలమైన గీత ఇస్తుంది, స్పెక్ట్రమ్ లెక్కలో 1332 దగ్గర. రాయి అసలు వజ్రమా కాదా తేల్చడానికి ఇవాళ ప్రయోగశాలలు చూసేది కూడా ఆ గీతనే. కృష్ణాతీరంలో కొల్లూరు, పరిటాల వజ్రాలకు పేరుపడ్డ గడ్డ మీది కుర్రాడు వజ్రం వేలిముద్ర చదవడం విశేషమే కదా!

1931లో గురుశిష్యులిద్దరూ కలిసి మరో పెద్ద ప్రశ్న మీద చెయ్యి వేశారు. కాంతి రేణువుకు తనదంటూ స్పిన్, అంటే ఒక తిప్పుడు గుణం ఉందా అన్నది ప్రశ్న. తిరిగే అణువులకు తగిలి చెదిరిన కాంతి ధ్రువణాన్ని కొలిచి, ఉంది అని తేల్చారు. ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ఆ వ్యాసం అచ్చయింది. ఆ కొలతల మీద తర్వాత చర్చలు నడిచాయి. 1936లో అమెరికాలో రిచర్డ్ బెత్ పూర్తిగా వేరే దారిలో, కాంతి ఒక పలుచని పలకను మెలితిప్పడాన్నే నేరుగా కొలిచి చూపారు. కాబట్టి ఆ విజయం ఒక్క కలకత్తాదే అనడం సరికాదు. కానీ ఇరవై రెండేళ్ళు కూడా నిండీ నిండని వయసులో అలాంటి ప్రశ్నకు ఎదురెళ్ళడం మామూలు సంగతి కాదు.

వాల్తేరులో జయపురం చలవ

1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫిజిక్సు శాఖలో భగవంతం లెక్చరరుగా చేరారు. అప్పుడు వైస్ చాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. విశ్వవిద్యాలయం వాల్తేరు కొండమీద అప్పుడప్పుడే కుదురుకుంటోంది. సైన్సు కాలేజీకి పేరు జయపురం విక్రమదేవ్ సైన్స్ అండ్ టెక్నాలజీ కాలేజీ. ఇవాళ ఒడిశాలో కోరాపుట్ జిల్లాలో ఉన్న జయపురమే అది. 1936లో ఒడిశా విడిపోయేదాకా ఆ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో భాగమే. జయపురం మహారాజా విక్రమదేవ్ వర్మ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఊహించుకోండి. వాల్తేరు ప్రయోగశాలల్లో దీపాలు వెలిగాయంటే అందులో జయపురం చమురు చాలానే ఉంది. సరిహద్దు గీతలు తర్వాత గీశారు, అప్పుడు మాత్రం అంతా ఒకే ఇల్లు.

కెమిస్ట్రీలో టీఆర్ శేషాద్రి, స్పెక్ట్రోస్కోపీలో కోచర్లకోట రంగధామరావు, ఈ పక్క భగవంతం. ముప్ఫయ్యల్లో వాల్తేరు పేరు విదేశీ పత్రికల్లో తరచుగా కనిపించిందంటే ఇలాంటివాళ్ళ వల్లే. భగవంతానికి ఇరవై ఎనిమిదో ఏటనే ప్రొఫెసర్ పదవి వచ్చింది.

1940లో ఆయన పుస్తకం వెలువడింది. కాంతి చెదరడం, రామన్ ఫలితం అనే విషయం మీద ఇంగ్లీషులో రాసిన ఆ గ్రంథాన్ని అచ్చువేసింది లండను ప్రచురణకర్తలు కాదు, ఆంధ్ర విశ్వవిద్యాలయమే. తర్వాత అమెరికాలోనూ వచ్చింది. అప్పటిదాకా వందల వ్యాసాల్లో చెల్లాచెదురుగా పడివున్న విషయాన్ని ఒకచోట పోగుచేసి, ఏది తేలింది, ఏది తేలలేదు అని చెప్పిన పుస్తకం అది.

అంతకన్నా మన్నిక గలది రెండోది. గణితం మనిషి టి. వెంకటరాయుడితో కలిసి రాసి 1948లో తెచ్చిన గ్రూప్ థియరీ పుస్తకం. పేరు వింటే భయం వేస్తుంది, ఉద్దేశం మాత్రం సూటిగా ఉంటుంది. బెంజీన్ అణువునే తీసుకోండి. ఆరు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, మొత్తం పన్నెండు పరమాణువులు. అది 30 రకాలుగా కంపించగలదు. అణువు ఆకారం సమ షడ్భుజి గనుక ఆ ముప్ఫయ్యిలో కొన్ని జంటలుగా ఒకే శ్రుతిలో ఉంటాయి. వేరువేరు శ్రుతులు లెక్కపెడితే 20. వాటిలో రామన్ కాంతిలో కనిపించేవి 7 మాత్రమే. పరారుణ కాంతిలో కనిపించేవి ఇంకో 4. మిగతా 9 రెంటిలోనూ కనిపించవు, మౌనవ్రతం. ఈ సంఖ్యలు ఏ ప్రయోగమూ చెయ్యకుండా, అణువు ఆకారంలోని పొందికను బట్టి కాగితం మీద రాబట్టొచ్చు. పలక మీద ఏడు గీతలు వచ్చాయా, అయితే బెంజీన్ సమ షడ్భుజే. ఎక్కువ వచ్చాయా, ఆకారం ఎక్కడో వంకరపోయింది.

ఈ గణితాన్ని భగవంతం కనిపెట్టలేదు. యూరప్‌లో విగ్నర్, ప్లాచెక్, అమెరికాలో విల్సన్ ముందే దారి వేశారు. కానీ ప్రయోగశాలలో పనిచేసే మామూలు విద్యార్థి చేతికి అంది, వాడుకోగలిగేలా, అణువులకూ స్ఫటికాలకూ కలిపి పద్ధతిగా చెప్పిన తొలి పుస్తకాల్లో వాల్తేరు పుస్తకం ఒకటి. అది రష్యన్‌లోకీ అనువాదమైంది. వంట ఎవరు కనిపెట్టారన్నది ఒక సంగతి, ఊరందరికీ వడ్డించడం ఇంకో సంగతి. రెండోదాని విలువను మనవాళ్ళు తక్కువగా చూస్తారు.

మధ్యలో యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయి కొన్నేళ్ళు అక్కడే తలదాచుకుంది. స్పెక్ట్రోగ్రాఫ్ లాంటి సున్నితమైన సరంజామా ఉన్న శాఖలకు అది ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. అయినా పని ఆగలేదు. జె. భీమసేనాచార్‌తో కలిసి వజ్రం సాగుడు గుణాన్ని శబ్దతరంగాలతో కొలిచిన పని 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

గుంపు హోరు, ఒక్కరి మాట

ఇక్కడొక చిక్కు చెప్పుకోవాలి. భగవంతం తరం చదివింది అణువుల గుంపుల్ని. మామూలు పరిస్థితుల్లో ఒక ఘన సెంటీమీటరు గాలిలో సుమారు 2 లక్షల 70 వేల కోట్ల కోట్ల అణువులుంటాయి. అవన్నీ తలో మెట్టు మీద, తలో దిక్కు పరుగెత్తుతూ ఉంటాయి. పలక మీద పడే గీత వాటన్నిటి ఉమ్మడి సంతకం. తిరణాళ్ళ బయట నిలబడి హోరు వింటే జనం ఎంతమందో, పాట పాడుతున్నారో పోట్లాడుకుంటున్నారో చెప్పొచ్చు. ఫలానా సుబ్బయ్య ఏం మాట్లాడుతున్నాడో చెప్పలేం.

సుబ్బయ్య మాట ఎప్పటికీ వినలేమనే పెద్దలు కూడా అనుకున్నారు. క్వాంటం సిద్ధాంతం కట్టినవాళ్ళలో ఒకరైన ష్రోడింగర్ 1952లో రాసిన వ్యాసంలో, ఒంటరి ఎలక్ట్రాన్‌తోనో ఒంటరి పరమాణువుతోనో చిన్న అణువుతోనో మనం ఎన్నడూ ప్రయోగాలు చెయ్యమని, అది ఊహల్లో మాత్రమే జరిగే పని అని తేల్చేశారు.

సరిగ్గా ఆ 1952లోనే భగవంతం ప్రయోగశాల గడప దాటారు. అంతకుముందు 1948లో లండన్‌లో భారత ప్రభుత్వ సైన్సు ప్రతినిధిగా వెళ్ళి, 1949లో తిరిగొచ్చి ఉస్మానియాలో ఫిజిక్సు ప్రొఫెసరుగా చేరారు. 1952లో అక్కడే వైస్ చాన్సలర్ అయ్యారు. నిజాం పాలన పోయి, ఉర్దూ మీడియం నుంచి విశ్వవిద్యాలయం ఇంగ్లీషుకు మారిన రోజులు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కూడా ఆయన హయాంలోనే. ఆ తర్వాత 1957 నుంచి 1962 దాకా బెంగళూరు.

బెంగళూరులో ఒక విచిత్రం జరిగింది. ఇరవై ఏళ్ళ కిందట రామన్ అదే సంస్థకు డైరెక్టరుగా ఉండి, పాలకవర్గంతో పడక 1937లో ఆ కుర్చీ వదులుకున్నారు. అదే కుర్చీలో ఇప్పుడు శిష్యుడు. గురువు అదే ఊళ్ళో, కాస్త దూరంలోనే, తాను 1948లో పెట్టుకున్న సొంత సంస్థలో డెబ్భై ఏళ్ళ వయసులోనూ రాళ్ళూ పూలూ వెలుతురూ ముందేసుకుని ప్రయోగాలు చేస్తున్నారు. శిష్యుడు నలభై ఎనిమిదేళ్ళకే ఫైళ్ళమీద సంతకాలు పెడుతున్నారు. ఈ లెక్కన చూస్తే నష్టమే అనిపిస్తుంది. కొత్త దేశానికి విశ్వవిద్యాలయాలు నడిపేవాళ్ళు కావాలి, నిజమే. అయితే ఆ బరువు ఎత్తుకున్న చేతులు ఫొటో పలకలు కడిగే చేతులే కావడం వల్ల ఎన్ని ప్రయోగాలు జరక్కుండా పోయాయో ఎవరూ లెక్క తియ్యలేదు.

ఢిల్లీ కుర్చీ మరీ బరువైంది. 1961లో డీఎస్ కొఠారీ తర్వాత రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా, డీఆర్‌డీవో అధిపతిగా వెళ్ళి 1969 దాకా ఉన్నారు. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం రెండూ ఆ ఎనిమిదేళ్ళలోనే. హైదరాబాదులో క్షిపణుల ప్రయోగశాల వేళ్ళూనుకున్నదీ అప్పుడే.

అయితే ఒక మాట. మనిషి కుర్చీలో కూచున్నా బుద్ధి స్ఫటికాలనూ అణువులనూ వదల్లేదు. 1966లో, డీఆర్‌డీవో అధిపతిగా ఉండగానే, స్ఫటికాల పొందిక మీద, వాటి భౌతిక గుణాల మీద ఇంకో పెద్ద పుస్తకం తెచ్చారు. అది లండన్‌లో అచ్చయింది. యుద్ధాల నడుమ, పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు తయారుచేసుకునే ఉద్యోగంలో, ఆ పుస్తకానికి పొద్దు ఎక్కణ్ణుంచి దొరికిందో! పొందిక అనే ఆ ఒక్క దారం మాత్రం 1930 నాటి వజ్రం నుంచి 1966 దాకా తెగకుండా నడిచింది.

బోను కట్టినవాళ్ళు

భగవంతం వాల్తేరు వదిలిన కొన్నేళ్ళకే జర్మనీలో బాన్ నగరంలో వుల్ఫ్‌గాంగ్ పౌల్ అనే ప్రొఫెసర్, విద్యుదావేశం ఉన్న రేణువుల్ని గాలిలో నిలబెట్టే బోను తయారుచేశారు. గుర్రపు జీను మీద గోలీ పెడితే ఒక పక్కకు జారిపోతుంది. అదే జీనును తగిన వేగంతో గిరగిరా తిప్పితే, గోలీ జారేలోపు పల్లం మిట్టవుతుంది, మిట్ట పల్లమవుతుంది. గోలీ మధ్యలోనే తచ్చాడుతుంది. జీనుకు బదులు వేగంగా దిశ మార్చుకునే విద్యుత్ క్షేత్రం పెట్టారంతే. 1980లో హైడెల్‌బర్గ్‌లో ఇలాంటి బోనులో ఒకే ఒక్క బేరియం అయాన్‌ను పట్టి దాని వెలుగును చూశారు. ష్రోడింగర్ జోస్యం తప్పింది.

భగవంతం 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. అదే ఏడాది అక్టోబరులో పౌల్‌కూ, అమెరికాలో ఎలక్ట్రాన్‌ను ఒంటరిగా బంధించిన డెమెల్ట్‌కూ నోబెల్ ప్రకటించారు.

ఒంటరి పరమాణువు సరే, ఒంటరి అణువు మాటేమిటి? అది ఇంకా మొండిఘటం. పరమాణువును లేజరుతో కొడితే అదే వెలుగును తిరిగి వెదజల్లుతూ చల్లబడుతుంది, కనబడుతుంది. అణువుకు తిరిగే మెట్లు, కంపించే మెట్లు బోలెడు. ఒకసారి లేజరు తగిలితే ఏ మెట్టు మీదికి దూకుతుందో చెప్పలేం, తర్వాత మన మాట వినదు. అందుకని ఒక ఉపాయం పన్నారు. అణువు అయాన్‌నూ, మాట వినే పరమాణువు అయాన్‌నూ ఒకే బోనులో పక్కపక్కన పెట్టారు. రెంటికీ ఒకే రకం ఆవేశం కనుక ఒకదాన్నొకటి తోసుకుంటూ, కాడికి కట్టిన ఎద్దుల్లా కలిసి కదులుతాయి. పరమాణువును చల్లబరిస్తే అణువు కదలికా చల్లబడుతుంది. అణువు మెట్టు మారినప్పుడు కాడి కదిలేలా చేస్తే, పక్కనున్న పరమాణువు వెలుగును చూసి ఆ సంగతి పట్టేయొచ్చు. అణువును ముట్టుకోకుండానే దాని గుట్టు బయటపడుతుంది.

2016లో జర్మనీ జాతీయ కొలతల సంస్థలో మెగ్నీషియం హైడ్రైడ్ అణువు అయాన్ స్థితిని ఇలా చెడగొట్టకుండా చూడగలిగారు. 2017లో అమెరికాలో బౌల్డర్ నగరంలోని ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో కాల్షియం హైడ్రైడ్ అయాన్‌ను కాల్షియం అయాన్‌తో జతకట్టి, ఒకే ఒక్క అణువును ఫలానా క్వాంటం స్థితిలో ఉంచి, అక్కడి నుంచి ఇంకో స్థితికి తీసుకెళ్ళి, మళ్ళీ చూసి నిర్ధారించుకున్నారు. నడిపిన పద్ధతి రామన్‌దే. రెండు లేజరు కిరణాలు పంపుతారు. వాటి రంగుల తేడా అణువు మెట్ల తేడాకు సరిపోవాలి. అణువు ఒక కిరణం నుంచి తీసుకుని రెండోదానికి ఇచ్చేస్తుంది, మిగిలిన తేడాతో మెట్టు మారుతుంది. 1928లో చెదిరిన వెలుతురులో తనంతట తాను జరిగినదాన్ని ఇప్పుడు పట్టుబట్టి చేయిస్తున్నారన్నమాట. పరికరం గోడల వేడి నుంచి వచ్చే కిరణాలు మధ్యమధ్య అణువును మెట్టు తప్పిస్తూనే ఉంటాయి. తప్పినప్పుడల్లా వెతికి పట్టుకోవాలి.

2020లో అదే బౌల్డర్ బృందం ఆ ఒక్క అణువు తిరిగే మెట్ల మధ్య దూరాన్ని అత్యంత కచ్చితంగా కొలిచింది. రెండే పరమాణువులున్న అణువు రామన్ కాంతిలో తిరుగుడు మెట్టు మారితే ఒక మెట్టు కాదు, రెండేసి మెట్లు దూకాలి. లోపలికి వచ్చే కాంతి రేణువుకు ఒక పాలు, బయటికి పోయేదానికి ఒక పాలు తిప్పుడు ఉండటమే అందుకు మూలం. ఆ తిప్పుడే 1931లో కలకత్తాలో రామన్, భగవంతం పాదరసం దీపం ముందు కూచుని వెతికింది. బౌల్డర్‌లో కొలిచింది కూడా ఆ రెండు మెట్ల దూకుడునే.